లోపలి రేడియేషన్ అన్నారా? ముందు ఈ ఒక్కటి అడగండి

క్యాన్సర్‌కి లోపలి నుంచి రేడియేషన్ ఇవ్వాలని డాక్టర్ చెప్పగానే ఇంట్లో అందరికీ ఒకటే టెన్షన్. పిల్లల్ని దగ్గరికి రానివ్వొచ్చా, కంచం గ్లాసు వేరే పెట్టాలా, పక్కన పడుకోవచ్చా అని తలా ఒక మాట. వీటన్నిటికీ కలిపి ఒకే జవాబు చెప్పేవాళ్ల మాట నమ్మకండి. ఎందుకంటే అంతా ఒక్క ప్రశ్న మీద ఆధారపడి ఉంటుంది: సోర్స్‌ని, అంటే రేడియేషన్ వచ్చే పదార్థాన్ని, లోపల పెట్టి మళ్లీ తీసేస్తారా, అక్కడే వదిలేస్తారా, లేక మందులా మింగిస్తారా? మొదటి రోజే ఇది అడిగేయండి.

పెట్టి తీసేసే పద్ధతి, అంటే బ్రాకీథెరపీలో (గడ్డ దగ్గరే సోర్స్ పెట్టి చేసే ట్రీట్‌మెంట్‌లో) ఎక్కువగా కనిపించే రకం, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కి చాలా వాడతారు. సన్నటి తీగ చివర ఇరిడియం-192 అనే రేడియేషన్ లోహపు ముక్క కొన్ని మిల్లీమీటర్లది ఉంటుంది. మామూలుగా అది మెషీన్‌లోనే భద్రంగా ఉంటుంది, ట్రీట్‌మెంట్ సమయంలో మాత్రం గొట్టాల గుండా మీ లోపల అమర్చిన అప్లికేటర్‌ (సోర్స్ వచ్చి ఆగే బోలు పరికరం) లోకి వచ్చి, అక్కడక్కడా కొన్ని సెకన్లు ఆగి, వెనక్కి వెళ్లిపోతుంది. అంతా కలిపి కొద్ది నిమిషాలే. ఆ కాసేపు గదిలో మీరొక్కరే ఉంటారు, కానీ సిబ్బంది బయటి నుంచి కెమెరాలో చూస్తూనే ఉంటారు, మాట్లాడితే వినిపిస్తుంది. సోర్స్ వెనక్కి వెళ్లాక మీ ఒంట్లో రేడియేషన్ ఏమీ మిగలదు. అదే రోజు పసిపిల్లని ఎత్తుకున్నా పర్వాలేదు.

మరి నిమిషాల పనికి రోజంతా ఎందుకు పడుతుంది? సోర్స్ నుంచి దూరం రెట్టింపైతే దాని ప్రభావం దాదాపు నాలుగో వంతుకి పడిపోతుంది. గడ్డకి గట్టిగా తగిలి, పక్కనున్న మూత్రాశయానికీ పురీషనాళానికీ తక్కువ తగలడానికి కారణం ఇదే, కాబట్టి కొన్ని మిల్లీమీటర్లు జరిగినా లెక్క మారిపోతుంది. అందుకే మత్తు ఇచ్చి అప్లికేటర్ పెట్టడం, మూత్రానికి పైపు వేయడం, గాజుగుడ్డ కూరి పక్క అవయవాలని దూరంగా నెట్టడం, స్కాన్ తీసి ప్లాన్ వేయడం, ఇంత తతంగం. మీ పని కదలకుండా పడుకోవడం. నడుము నొప్పి మొదలైతే ఓర్చుకోకండి, నర్సుని పిలవండి, మీరే సర్దుకోబోతే ప్లాన్ చెడుతుంది. అప్లికేటర్ తీసేటప్పుడు కూడా నొప్పి ఉండొచ్చు, నొప్పి మందు ముందే ఇస్తారా అని అడగడంలో మొహమాటం వద్దు.

ముందు రోజు ఎప్పటిదాకా తినొచ్చు, నీళ్లు ఎప్పుడు ఆపాలి అన్నది కనుక్కోండి. రక్తం పలచబడే మాత్రలు, షుగర్ మాత్రలు వాడుతుంటే తప్పకుండా చెప్పండి. రెండోసారో మూడోసారో నిమిషాలు పెరిగితే డోసు పెంచేశారేమోనని కంగారు పడొద్దు. ఇరిడియం బలం సుమారు 74 రోజులకి సగమవుతుంది, కాబట్టి అదే డోసుకి ఎక్కువ సేపు పడుతుంది, అంతే.

తర్వాత కొన్నాళ్లు మూత్రం మంట, కొద్దిగా రక్తం మరకలు మామూలే. జ్వరం వచ్చినా, రక్తం ఎక్కువగా పోతున్నా, మూత్రం బిగుసుకున్నా మాత్రం వెంటనే ఫోన్ చేయండి. ఇంకొకటి, ఎవరూ నోరు విప్పి చెప్పని సంగతి: యోని ఇరుకైపోకుండా డైలేటర్ (లోపల పెట్టుకునే నున్నటి గొట్టం లాంటి సాధనం) వాడాల్సి రావచ్చు. ఎప్పుడు మొదలుపెట్టాలో మీరే అడగండి.

లోపలే వదిలేసే రకం ప్రోస్టేట్ క్యాన్సర్‌లో ఎక్కువ. చిన్న చిన్న అయోడిన్-125 గింజలు పెడతారు, వాటి బలం సుమారు 60 రోజులకోసారి సగమవుతూ పోతుంది. వాటి రేడియేషన్ చాలావరకు ఒంట్లోనే ఇంకిపోతుంది కానీ, మొదటి కొన్ని వారాలు పిల్లల్ని ఒళ్లో ఎక్కువసేపు కూర్చోబెట్టుకోవద్దని, గర్భిణులకి దూరంగా ఉండమని చెబుతారు. మూత్రంలో గింజ పడిందా, చేత్తో ముట్టుకోకుండా చెంచాతో తీసి వాళ్లిచ్చిన డబ్బాలో వేసి కబురు చేయండి. విమానం ఎక్కేవాళ్లు ఆసుపత్రి ఇచ్చే కార్డు వెంట ఉంచుకోండి, అక్కడి మెషీన్లు కూతపెట్టే అవకాశం ఉంది.

అసలు జాగ్రత్తంతా మింగే అయోడిన్-131 (రేడియేషన్ ఉన్న అయోడిన్) విషయంలో. థైరాయిడ్ క్యాన్సర్‌కి ఇచ్చేది ఇదే. ముందు ఒకటి రెండు వారాలు తిండిలో మామూలు అయోడిన్ తగ్గించాలి. ఉప్పే మానేయక్కర్లేదు, అయోడిన్ కలపని ఉప్పు వాడాలి, సముద్రపు చేపలు, పాలు, గుడ్డు పచ్చసొన పక్కన పెట్టాలి. ఈమధ్య కాంట్రాస్ట్ (స్కాన్‌లో స్పష్టంగా కనబడడానికి ఇచ్చే మందు) ఎక్కించి సీటీ స్కాన్ తీయించుకుంటే చెప్పి తీరాలి, అందులోనూ అయోడిన్ ఉంటుంది. గర్భం లేదని పరీక్షతో నిర్ధారించుకోవాలి. పాలిచ్చే తల్లులు ట్రీట్‌మెంట్‌కి వారాల ముందే ఆపేయాలి, ఆ బిడ్డకి మళ్లీ ఇవ్వకూడదు.

మింగాక మూత్రం, ఉమ్మి, చెమట అన్నిట్లోనూ అది బయటికి వస్తుంది. పెద్ద డోసైతే వేరే గదిలో ఉంచేది అందుకే. పాతబట్టలే తీసుకెళ్లండి, ఫోన్‌ని ప్లాస్టిక్ కవర్లో పెట్టండి, కొన్ని వస్తువులు అక్కడే వదిలేసి రావాల్సి రావచ్చు. నీళ్లు బాగా తాగండి. మగవాళ్లయినా టాయిలెట్‌లో కూర్చునే పోయాలి, మూత వేసి రెండుసార్లు ఫ్లష్ చేయాలి. లాలాజల గ్రంథులు దెబ్బతినకుండా పుల్లటి బిళ్లలు చప్పరించమంటారు, ఎప్పటి నుంచి అన్నది వాళ్లనే అడగండి. ఆ తర్వాత ఆర్నెల్లు, కొందరికి ఇంకా ఎక్కువ, గర్భం రాకుండా చూసుకోవాలి.

ఏ రకమైనా డిశ్చార్జి రోజున నోటిమాటతో సరిపెట్టుకోకండి. ఎన్నాళ్లు వేరే మంచం, ఎన్నాళ్లు పిల్లలకి దూరం, రాత్రిపూట ఏ నంబరుకి చేయాలి, ఇవన్నీ కాగితం మీద రాయించుకోండి. దాన్ని ఫోటో తీసి ఇంట్లో అందరికీ పంపండి. ఈలోగా వేరే ఏ ఆసుపత్రికి వెళ్లాల్సి వచ్చినా ముందు అదే చూపించండి.