కెర్నెల్ ఎక్కించే ముందు బూట్ ఇమేజ్ ఫోన్ బయట పెట్టుకోండి

పోయిన ఆదివారం రాత్రి తిరుపతిలో నా ఫోన్ రిపేర్ షాపు షట్టర్ సగం దించాక ఒక అబ్బాయి వచ్చాడు. యూనివర్సిటీ దగ్గర రూమ్ తీసుకుని బీటెక్ చదువుతున్నాడు. అరచేతిలో ఫోన్ లోగో చూపిస్తుంది, ఒకసారి వణుకుతుంది, ఆరిపోతుంది. పది సెకన్లకు మళ్లీ లోగో. గేమ్ ఆగి ఆగి ఆడుతోందని ఓవర్‌క్లాక్ కెర్నెల్ ఒకటి ఎక్కించాడట. ఫోన్ హార్డ్‌వేర్‌ను నడిపే ప్రోగ్రామే కెర్నెల్, చిప్ వేగాన్ని మామూలు కన్నా పెంచడం ఓవర్‌క్లాక్. "అన్నా, ఫోన్ పోతే పోయింది. మా అవ్వ వీడియో ఒకటుంది, అది మాత్రం ఎట్లయినా తియ్యన్నా" అన్నాడు. పోయినేడు గంగ జాతరలో వాళ్ల అవ్వ పొంగలి పెడుతుంటే తీసిన వీడియో. సంక్రాంతికి ముందే ఆమె పోయింది.

రికవరీలోంచి (ఫోన్ లేవనప్పుడు తెరుచుకునే రిపేర్ మెనూ) బిల్డ్ నంబర్ చూసి, సరిగ్గా అదే వెర్షన్ ఫర్మ్‌వేర్ దింపి, అందులోంచి బూట్ ఇమేజ్ (కెర్నెల్ ఉండే ఫైలు) తీసి ఫోన్‌లోకి ఎక్కించాను, అంటే ఫ్లాష్ చేశాను. డౌన్‌లోడ్‌కు పట్టిన టైమ్ వదిలేస్తే పని ఐదు నిమిషాలది. ఫోన్ ఆన్ అయింది. స్క్రీన్ మీద "భాషను ఎంచుకోండి" అని వచ్చింది. అది చూశాక అసలు సంగతి చెప్పాడు. లూప్ (ఇలా లేస్తూ ఆరిపోతూ ఉండటం) ఆగడం లేదని రికవరీలోకి వెళ్లి ఫార్మాట్ డేటా కొట్టాడట. ఒకసారి కాదు, రెండుసార్లు.

తప్పు కెర్నెల్ బూట్ పార్టిషన్‌లో (డేటాకు సంబంధం లేని వేరే మెమరీ గది) కూర్చుని ఉంటే డేటా ఫార్మాట్ చేసి ఏం లాభం? లూప్ ఆగదు, డేటా పోతుంది. ఇప్పటి ఆండ్రాయిడ్ ఫోన్లలో ఫైళ్లన్నీ ఎన్‌క్రిప్ట్ అయి ఉంటాయి. ఫార్మాట్ కొడితే వాటిని తెరిచే తాళంచెవే చెరిగిపోతుంది. చిప్ ఊడదీసి చదివినా ఏమీ అర్థంకాని అంకెలే వస్తాయి. ఆ వీడియో ఇంకెవరూ తేలేరు. తెస్తామని ఎవరైనా డబ్బులడిగితే ఇవ్వకండి. ఆ అబ్బాయి మెట్ల మీద చాలాసేపు అలాగే కూర్చున్నాడు. గాంధీ రోడ్డు పక్క సందులో పన్నెండేళ్లుగా ఫోన్లు బాగుచేస్తున్నాను, ఇలా కూర్చున్నవాళ్లను చాలామందినే చూశాను.

రోహిణి కార్తె ముందుంది. పరీక్షలు అయిపోయి సెలవులు మొదలయ్యాయి. కొత్త కెర్నెల్‌లు ఎక్కించి పాడుచేసుకున్న ఫోన్లు నా దగ్గరికి ఎక్కువగా వచ్చేది ఈ నెలల్లోనే. బూట్‌లోడర్ అన్‌లాక్ (వేరే సాఫ్ట్‌వేర్ ఎక్కించేందుకు ఫోన్ తాళం తీయడం) ఎలా చేయాలి, రూట్ (ఫోన్ మీద పూర్తి అధికారం తీసుకోవడం) ఎలా చేయాలి అనేవి ఇక్కడ చెప్పను. అవి దాటి వచ్చి, ఇప్పుడు ఏ కెర్నెల్ వేద్దామా అని చూస్తున్నవాళ్ల కోసం ఇది.

ముందు బూట్ ఇమేజ్

కెర్నెల్ ఉండే ఫైలే బూట్ ఇమేజ్. మీరు కొత్త కెర్నెల్ ఎక్కించినప్పుడు ముఖ్యంగా మారేది ఇదే. పాతది చేతిలో ఉంటే తిరిగి ఎక్కించండి, ఫోన్ మునుపటిలా లేస్తుంది, ఫొటోలు వీడియోలు ఎక్కడివక్కడే ఉంటాయి. నేను చూసిన ఫోన్లలో ఎక్కువ భాగాన్ని ముంచింది కెర్నెల్ కాదు. బూట్ ఇమేజ్ చేతిలో లేక, కంగారులో దొరికిందల్లా ఎక్కించి, కనబడిన ప్రతి బటన్ నొక్కడం వల్ల మునిగాయి.

"మ్యాజిస్క్ బ్యాకప్ తీసింది కదన్నా" అంటారు. ఆ రూట్ చేసే యాప్ తీసింది, కానీ ఫోన్ లోపలే పెట్టింది. ఫోనే లేవకపోతే దాన్ని ఎలా తీస్తారు? బీరువా తాళం బీరువాలోనే పెట్టి మూసినట్టే. డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో పెట్టుకున్నా అంతే. బయట పెట్టండి. కంప్యూటర్‌లో ఒకటి, పెన్‌డ్రైవ్‌లో ఒకటి.

ఇంకొందరు "రూట్ చేసినప్పటి ఫైలు ఉంది" అంటారు. ఆ తర్వాత ఎన్ని అప్‌డేట్లు వచ్చాయి? ఫోన్ ఒక వెర్షన్‌లో, బూట్ ఇమేజ్ ఇంకో వెర్షన్‌లో ఉంటే కెర్నెల్‌కూ మిగతా డ్రైవర్లకూ పొత్తు కుదరదు. ఒక్కోసారి ఫోన్ లేస్తుంది గానీ వైఫై ఆన్ కాదు, సౌండ్ రాదు, టచ్ పనిచేయదు. అప్పుడు హార్డ్‌వేర్ పోయిందనుకుని డిస్‌ప్లే మార్పించుకున్నవాళ్లు కూడా ఉన్నారు. కాబట్టి ఇవాళ ఫోన్‌లో ఏ బిల్డ్ ఉందో, సరిగ్గా ఆ బిల్డ్‌ది తీయండి. ఫైలు పేరులోనే బిల్డ్ నంబర్, తారీఖు రాయండి. చాలా కెర్నెల్ జిప్‌లు (కెర్నెల్‌ను ఎక్కించే ఫైళ్లు) డీటీబీఓ, వెండర్ బూట్ అనే వేరే పార్టిషన్లను కూడా మారుస్తాయి. ఆండ్రాయిడ్ 13తో పుట్టిన ఫోన్లలో ఇనిట్ బూట్ అని ఇంకో పార్టిషన్ కూడా ఉంటుంది. మీ ఫోన్‌లో ఇవేవి ఉంటే అవన్నీ తీసుకోండి. రెండు స్లాట్ల ఫోన్ (సిమ్ స్లాట్లు కాదు, సిస్టమ్ రెండు కాపీలుగా ఉండేది) అయితే ఇప్పుడు నడుస్తున్న స్లాట్‌లోవి తీయండి.

ఇక్కడ షాపులో చూసి నేర్చుకున్నది ఒకటి చెప్పాలి. ఫైలు ఉంటే చాలదు, ఎక్కించే దారి ఉండాలి. ఛార్జింగ్ ఎక్కుతుంది గానీ కంప్యూటర్‌కు కనబడని ఫోన్లు ఎన్నో. పోర్టులో డేటా పిన్నులు అరిగిపోయి ఉంటాయి, అప్పటిదాకా ఎవరూ గమనించరు. వాల్యూమ్ డౌన్ బటన్ లోపలికి దిగిపోయిన ఫోన్లూ అంతే, ఫాస్ట్‌బూట్‌లోకే (కంప్యూటర్ నుంచి ఫైళ్లు ఎక్కించే మోడ్) పోవు. కెర్నెల్ ఎక్కించక ముందే ఒకసారి ఫాస్ట్‌బూట్‌లోకి వెళ్లి, కేబుల్ పెట్టి, కంప్యూటర్ మీ ఫోన్‌ను గుర్తిస్తోందో లేదో చూడండి. గుర్తించకపోతే ఆ రోజుకు ఆపేయండి. ముందు పోర్టు మార్పించండి.

కెర్నెల్ ఎంచుకునేటప్పుడు

పెట్టె మీది పేరు చూడకండి, కోడ్‌నేమ్ (ఆ మోడల్‌కు లోపల పెట్టుకున్న పేరు) చూడండి. రెడ్‌మీ నోట్ 4 అనే ఒకే పేరుతో రెండు వేర్వేరు ఫోన్లు ఉన్నాయి. స్నాప్‌డ్రాగన్ 625 ఉన్నది మిడో, మీడియాటెక్ హీలియో ఎక్స్20 ఉన్నది నికెల్. నోట్ 8 గింకో, నోట్ 8 ప్రో బిగోనియా. పేరులో తేడా "ప్రో" ఒక్కటే, లోపల ఒకటి స్నాప్‌డ్రాగన్, రెండోది మీడియాటెక్. ఒకదాని కెర్నెల్ ఇంకొకదానికి ఎక్కిస్తే లేవదు.

ఎనీకెర్నెల్3 అనే టూల్‌తో తయారైన జిప్‌లు మామూలుగా ఎక్కే ముందే కోడ్‌నేమ్ సరిచూసి, కుదరకపోతే "అన్‌సపోర్టెడ్ డివైస్" అని ఆగిపోతాయి. మనల్ని కాపాడటానికే ఆ లైను రాశారు. జిప్ విప్పి, డివైస్‌చెక్ పక్కనున్న 1 తీసేసి 0 పెట్టి ఎక్కించుకున్న ఫోన్ ఒకటి ఈ మధ్యే వచ్చింది. ఆ పని చేయకండి.

మీ రోమ్ (ఫోన్‌లో నడిచే ఆండ్రాయిడ్ సిస్టమ్) ఏదో, ఆండ్రాయిడ్ వెర్షన్ ఏదో దానికే చేసిన కెర్నెల్ తీసుకోండి. కంపెనీ రోమ్ కోసం చేసింది ఏఓఎస్‌పీ (గూగుల్ ఇచ్చే ఓపెన్ సోర్స్ ఆండ్రాయిడ్) రోమ్‌కు పనికిరాకపోవచ్చు. సోర్స్ కోడ్ బయట పెట్టని కెర్నెల్‌ను ముట్టుకోకండి. లినక్స్ కెర్నెల్ జీపీఎల్ లైసెన్సు కింద ఉంది, మార్చి పంచేవాళ్లు సోర్స్ ఇవ్వాల్సిందే. ఇవ్వనివాళ్లు లోపల ఏం పెట్టారో ఎవరికి తెలుసు? కెర్నెల్ కింద ఫోన్ మొత్తం ఉంటుంది, మీరు కొట్టే పిన్ నంబర్లతో సహా.

వేగం సంగతి కూడా నిజం చెప్పుకుందాం. స్నాప్‌డ్రాగన్ 845 తరం నుంచి సీపీయూ వేగాల పట్టిక చిప్ ఫర్మ్‌వేర్ చేతిలో ఉంటుంది, కెర్నెల్ దాన్ని చదువుకుంటుంది అంతే. అందుకే కొత్త ఫోన్లకు "సీపీయూ ఓవర్‌క్లాక్" అని ఎవరైనా ఊరిస్తే నమ్మే ముందు టైమ్ ఇన్ స్టేట్ ఫైలు తెరిచి చూడండి. ఏ వేగంలో ఎంతసేపు నడిచిందో అందులో ఉంటుంది. వాళ్లు చెప్పిన పెద్ద అంకె అసలు కనబడకపోయినా, దాని పక్కన సున్నా ఉన్నా మీకు దక్కింది ఏమీ లేదు.

ఎండ, వేడి

చిప్ తినే కరెంటు వేగంతో పాటు పెరుగుతుంది, వోల్టేజీకైతే దాని వర్గంతో (వోల్టేజీ × వోల్టేజీ) పెరుగుతుంది. వేగం 10 శాతం, దాన్ని నిలబెట్టడానికి వోల్టేజీ 10 శాతం పెంచారనుకోండి. 1.1 × 1.1 × 1.1 చేయండి, 1.33 వస్తుంది. పది శాతం వేగానికి మూడో వంతు ఎక్కువ కరెంటు, అంతా వేడే. ఆ వేడి గాల్లోకి పోవాలి. మే నెలలో మన తిరుపతిలో గాలే నలభై డిగ్రీలు దాటి ఉంటుంది. రేకుల షెడ్డు మీద రూమ్‌లో ఉండేవాళ్లకు రాత్రి పదింటికీ గోడలు సెగలు కక్కుతుంటాయి. ఫోన్ వేడి ఎక్కడికి పోతుంది? పది నిమిషాలకు థ్రాటిల్ అయి అసలు వేగం కన్నా కిందికి దిగుతుంది. గేమ్ ఇంకా ఆగి ఆగి ఆడుతుంది.

అది భరించలేక థర్మల్ కంట్రోల్ (వేడెక్కితే వేగం తగ్గించే ఏర్పాటు) తీసేసిన కెర్నెల్ వెతుక్కుంటారు. అది అన్నిటికన్నా చెడ్డది. థర్మల్ కంట్రోల్ ఉన్నది చిప్‌ను, దాని పక్కనే ఉన్న బ్యాటరీని కాపాడటానికి. పోయిన వేసవిలో ఒక ఫోన్ వచ్చింది, వెనక కవర్ ఒక పక్క లేచి, సందులోంచి బ్యాటరీ దిండులా ఉబ్బి కనబడుతోంది. ఫోన్ ఆయన కవర్‌ను వేలితో నొక్కి మూస్తున్నాడు. ఉబ్బిన బ్యాటరీని నొక్కకూడదు, గుచ్చకూడదు, ఛార్జింగ్ పెట్టకూడదు. స్విచ్ ఆఫ్ చేసి తీసుకురండి.

ఎండాకాలానికి నా సలహా అడిగితే ఓవర్‌క్లాక్ లేని కెర్నెల్ వేసుకుని, గరిష్ఠ వేగం ఒక మెట్టు తగ్గించండి. గేమ్ నిలకడగా ఆడుతుంది. అయినా పెంచి చూడాల్సిందే అనుకుంటే ఒక్కో మెట్టే పెంచండి. పక్కవాడి ఫోన్‌లో నడిచింది మీ ఫోన్‌లో నడుస్తుందని అనుకోకండి, ఒకే మోడల్‌లో కూడా చిప్‌కూ చిప్‌కూ తేడా ఉంటుంది. వేగం, వోల్టేజీ రెండూ ఒకేసారి మార్చకండి. ఫోన్ ఆగిపోతే ఏది కారణమో తెలియదు.

కెర్నెల్ మేనేజర్ యాప్‌లో సెట్ ఆన్ బూట్ అనే టిక్ ఉంటుంది. మూడు రోజులు వాడి చూడందే అది పెట్టకండి. టిక్ లేకపోతే రీస్టార్ట్ చేయగానే పాత వేగం వస్తుంది. టిక్ ఉంటే ఫోన్ లేచిన ప్రతిసారీ అదే వేగం వస్తుంది, అది కుదరకపోతే ఫోన్ ప్రతిసారీ ఆగిపోతుంది.

బ్యాటరీ 40 డిగ్రీలు దాటితే గేమ్ ఆపండి. 45 దగ్గర ఛార్జర్ తీసేయండి. ఛార్జింగ్ పెట్టి ఆడకండి. దిండు కింద పెట్టకండి. బండి ట్యాంకు మీద, కారు డ్యాష్‌బోర్డు మీద ఎండలో వదలకండి. ఫోన్ వేడెక్కిందని ఫ్రిజ్‌లో పెట్టకండి, లోపల తేమ పడుతుంది.

ఇంట్లో ఉన్న ఒక్క ఫోన్ మీద చేయకండి. ఓటీపీలు వచ్చే సిమ్ అందులో ఉంటే అసలు వద్దు. హాల్ టికెట్ దింపుకోవాల్సిన వారం వద్దు. కొండకు 300 రూపాయల దర్శనం టికెట్లు వదిలే రోజు వద్దు. రూట్ చేసిన ఫోన్లో కొన్ని బ్యాంకు యాప్‌లు తెరుచుకోవు, అది ముందే తెలుసుకుని దిగండి.

ఛార్జింగ్ 60 శాతం పైన ఉంచుకుని మొదలుపెట్టండి. ఫొటోలు ముందు రోజే బయటికి కాపీ చేయండి. కెర్నెల్‌లో కెర్నెల్‌ఎస్‌యూ (కెర్నెల్‌లోనే కలిపి ఇచ్చే రూట్) ఉందేమో చూడండి, ఉంటే దాని మీద మ్యాజిస్క్ కలపకండి. కస్టమ్ కెర్నెల్ ఉండగా బూట్‌లోడర్ తిరిగి లాక్ చేయకండి. కెర్నెల్ డిజిటల్ సంతకం కుదరక ఫోన్ లేవదు, లాక్ చేసినందుకు డేటా కూడా చెరిగిపోతుంది. భయపడి పాత వెర్షన్ ఫుల్ ఫర్మ్‌వేర్‌కు దిగకండి. 2018లో రెడ్‌మీ నోట్ 5 ప్రోకు యాంటీ రోల్‌బ్యాక్ (పాత వెర్షన్‌కు దిగకుండా అడ్డుకునే ఏర్పాటు) వచ్చాక అలా దిగినవాళ్ల ఫోన్లు డెడ్ అయ్యాయి. ఈఎఫ్‌ఎస్, పర్సిస్ట్ పార్టిషన్లు చెరపకండి, సిగ్నల్, సెన్సార్లు లాంటివి పోతాయి. ఐఎంఈఐ (ఫోన్ గుర్తింపు నంబర్) మార్చి ఇస్తానన్నవాడి దగ్గరికి పోకండి, అది నేరం.

ఇంకోసారి అడుగుతున్నాను. బూట్ ఇమేజ్ తీశారా? ఇవాళ్టి బిల్డ్‌దేనా? ఫోన్ బయట ఉందా? కంప్యూటర్ ఫోన్‌ను గుర్తిస్తోందా? వీటిలో ఒక్కదానికి "లేదు" అనే జవాబు వచ్చినా జిప్ ఎక్కించకండి.

ఎక్కించాక లోగో దగ్గర ఆగిపోతే పది నిమిషాలు ఆగి చూడండి. లేవకపోతే పవర్, వాల్యూమ్ డౌన్ కలిపి పట్టుకుని ఫాస్ట్‌బూట్‌లోకి వెళ్లండి. శామ్‌సంగ్ అయితే డౌన్‌లోడ్ మోడ్, అక్కడ ఓడిన్ అనే కంప్యూటర్ ప్రోగ్రామ్‌తో పని. మీ బూట్ ఇమేజ్ ఎక్కించండి. డీటీబీఓ, వెండర్ బూట్ తీసి పెట్టుకుని ఉంటే వాటిని కూడా. ఫార్మాట్ డేటా జోలికి పోకండి. ఎవరు చెప్పినా పోకండి. రికవరీ తనంతట తాను అడిగినా పోకండి. మీ వల్ల కాకపోతే స్విచ్ ఆఫ్ చేసి, ఏ బిల్డ్, ఏ కెర్నెల్, ఆగిపోయాక ఏమేం నొక్కారో వరుసగా ఒక కాగితం మీద రాసి, ఆ కాగితంతో షాపుకు రండి.