నడుముకు పెట్టుకునే (క్యారీ) పిస్టల్‌కు కొత్త భాగాలు వేయించే ముందు: సమస్య, కారణం, పరిష్కారం

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో పిస్టల్ లైసెన్సు ఉన్నవారిలో మాజీ సైనికులు ఉంటారు, పలాస వైపు జీడిపప్పు వ్యాపారులు, రైస్ మిల్లుల యజమానులు ఉంటారు. 9 ఎం.ఎం. మన దేశంలో నిషిద్ధ బోరు (గొట్టం లోపలి కొలత) కాబట్టి వారి నడుముకు ఉండేది సాధారణంగా .32 పిస్టలే. కొన్నాళ్లు వాడాక అందరికీ ఒకే ఆలోచన వస్తుంది: ట్రిగ్గర్ తేలిక చేయించాలా, గట్టి స్ప్రింగు వేయించాలా, లేజరు బిగించాలా? ఏ భాగం కొనాలో అప్పుడే ఆలోచించకండి. పిస్టల్ ఏం చేస్తోందో ముందు గమనించండి. నేను చూసినంతలో సగానికి పైగా ఫిర్యాదులు మ్యాగజైన్ (తూటాలు నింపే పెట్టె), తూటాలు, తుప్పు, హోల్‌స్టర్ (పిస్టల్ పెట్టుకునే ఒర) దగ్గరే తేలిపోతాయి. వాటికి కొత్త భాగాల అవసరమే ఉండదు.

ఇంకో కారణం కూడా ఉంది. 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం తుపాకీ విడిభాగాలు కూడా తుపాకీ కిందికే వస్తాయి. శబ్దాన్ని, మంటను తగ్గించే పరికరాలు కూడా అంతే. విదేశీ వెబ్‌సైటులో బ్యారెల్ ఆర్డరు పెట్టడం అంటే లైసెన్సు లేకుండా తుపాకీ దిగుమతి చేసుకోవడమే. మరమ్మతు చేయడానికి, మార్పులు చేయడానికి కూడా లైసెన్సు ఉండాలి. కాబట్టి ఊళ్లోని లేతు షెడ్డుకు పిస్టల్ తీసుకువెళ్లకండి, ఆ మేస్త్రి ఎంత పనిమంతుడైనా సరే. లైసెన్సు లేకుండా బ్యారెల్ పొట్టి చేయడాన్ని చట్టం ప్రత్యేకంగా నిషేధించింది.

ఏ పరీక్ష చేసినా ముందు ఖాళీ చేయండి. మొదట మ్యాగజైన్ తీయాలి, తరువాతే స్లైడు (పిస్టల్ పైన ముందుకూ వెనక్కూ జరిగే ఇనుప భాగం) వెనక్కి లాగాలి. ఈ వరుస తప్పితే బయటికి వచ్చిన తూటా స్థానంలో మ్యాగజైన్ నుంచి ఇంకొకటి లోపలికి వెళ్తుంది, ఖాళీ అనుకున్న పిస్టల్ నిండిన పిస్టలే అవుతుంది. స్లైడు తెరిచి ఉంచి ఛాంబరులోకి (బ్యారెల్ వెనక తూటా కూర్చునే చోటు) కంటితో చూడండి, చిటికెన వేలితో తడిమి చూడండి. పరీక్ష చేసే గదిలో తూటాలు ఉంచకండి.

తూటా మధ్యలో ఇరుక్కుపోతోంది, స్లైడు ముందుకు కదలదు

ఎక్కువ మంది చెప్పే లోపం ఇదే. ఎక్కువగా పొరపాటు పడేది కూడా ఇక్కడే. "రీకాయిల్ స్ప్రింగు (స్లైడును తిరిగి ముందుకు తోసేది) బలహీనపడింది, గట్టిది వేయించాలి" అని వెంటనే తీర్మానించేస్తారు.

ఈ పిస్టళ్లలో వాడే .32 ఏసీపీ తూటా అంటే 7.65x17 ఎం.ఎం. దాని అడుగున చిన్న అంచు ఉంటుంది. తూటా ఒంటి కంటే ఆ అంచు కొద్దిగా బయటికి పొడుచుకు వస్తుంది. మ్యాగజైన్‌లో పైన ఉన్న తూటా అంచు కిందిదాని అంచుకు ముందు వైపు ఉండాలి. వెనక పడిందంటే, పైనున్న తూటాను స్లైడు ముందుకు తోసే క్షణంలో ఆ అంచు కిందిదాన్ని పట్టుకుంటుంది. రెండూ బిగుసుకుపోతాయి. బలంగా కుదిపినా, స్లైడును తట్టినా అది వదలదు. మ్యాగజైన్ బయటికి తీసి తూటాలు ఒక్కొక్కటిగా దించుకోవలసిందే.

పరిష్కారం నింపే పద్ధతిలో ఉంది. మ్యాగజైన్‌ను కిటికీ వెలుగులో పక్క నుంచి చూస్తూ, ఒక్కో తూటా పెట్టగానే దాని అంచు కిందిదానికి ముందు ఉందో లేదో చూసుకోండి. నింపడం అయ్యాక మ్యాగజైన్ వెనక భాగాన్ని అరచేతిలో మెల్లగా తట్టండి. ముక్కు పొట్టిగా ఉండే తూటాలకు మ్యాగజైన్‌లో ముందూ వెనకా ఎక్కువ చోటు దొరుకుతుంది కాబట్టి అవి ఇలా ఇరుక్కునే అవకాశం ఎక్కువ. అలాంటి తూటాలతో ఇబ్బంది వస్తుంటే గుండ్రటి ముక్కు ఉన్నవాటికి మారండి, అంతకు మించి ఏమీ చేయనక్కరలేదు.

ఇరుక్కోవడం ఇంకో రకంగా ఉంటే, అంటే తూటా ముక్కు పైకి లేచి ఛాంబరు అంచుకు గుచ్చుకుంటుంటే, మ్యాగజైన్ పెదవులు (తూటాను పట్టి ఉంచే పై అంచులు) వంగి ఉండవచ్చు. మీ దగ్గర రెండు మ్యాగజైన్లు ఉంటే ఒకదాని అడుగున మార్కరుతో గుర్తు పెట్టండి. రేంజ్‌లో (కాల్పుల సాధన చేసే చోట) వాటిని మార్చి మార్చి వాడండి. లోపం ఎప్పుడూ గుర్తు పెట్టినదానితోనే వస్తుంటే దోషం పిస్టల్‌ది కాదు. ఆ మ్యాగజైన్‌ను పట్టకారుతో సరిచేయవద్దు. డీలరు దగ్గర అదే మోడల్ మ్యాగజైన్ కొనండి. డబ్బు ఖర్చు పెట్టదగిన మొదటి భాగం ఇదే అని నా అభిప్రాయం.

పేలిన తూటా ఖాళీ తొడుగు బయటికి పడదు, స్లైడులో నిలబడిపోతుంది

.32 పిస్టళ్లు చాలావరకు బ్లోబ్యాక్ పద్ధతిలో నడుస్తాయి. బ్యారెల్‌కు, స్లైడుకు మధ్య తాళం ఉండదు. స్లైడు బరువు, స్ప్రింగు బలం కలిసి పేలుడు ఒత్తిడిని ఆపుతాయి. ఈ రెండింటి మధ్య సమతూకాన్ని తయారీదారు లెక్కించి పెట్టాడు. మార్కెట్లో గట్టి స్ప్రింగు ఒకటి తెచ్చి వేస్తే స్లైడు పూర్తిగా వెనక్కి రాదు, తొడుగు బయటికి పడే లోపే మూసుకుంటుంది. అంటే ఈ లోపాన్ని పోగొట్టడానికి వేసిన స్ప్రింగే దీన్ని తెచ్చిపెడుతుంది. మెత్తటి స్ప్రింగుతో ఇబ్బంది వేరు, స్లైడు ప్రతిసారీ ఫ్రేమును గట్టిగా కొడుతుంది.

మణికట్టు వదులుగా పట్టుకున్నా ఇదే లక్షణం కనిపిస్తుంది. వేరొకరి చేతిలో అదే పిస్టల్ బాగా నడుస్తుంటే మీ పట్టు చూసుకోండి. ఎవరి చేతిలోనైనా అదే జరిగితే ఖాళీ తొడుగును ఛాంబరులోంచి లాగే ఎక్స్‌ట్రాక్టరు కొక్కెం కింద నల్లటి మసి పేరుకుందేమో చూడండి. పాత టూత్‌బ్రష్, సన్నని పుల్ల చాలు. అప్పటికీ పోకపోతే స్ప్రింగు మార్పించండి, కానీ అదే మోడల్‌కు ఉద్దేశించిన అదే బలం ఉన్న స్ప్రింగు.

టిక్ అంది, పేలలేదు

పిస్టల్‌ను లక్ష్యం వైపే పట్టుకుని అర నిమిషం ఆగండి. ఆలస్యంగా పేలే తూటాలు ఉంటాయి. ఆ తరువాతే బయటికి తీసి దాని అడుగు చూడండి. ప్రైమరు (తూటా అడుగున మధ్యలో ఉండే, దెబ్బకు నిప్పు పుట్టించే చిన్న టోపీ) మీద గుంట లోతుగా పడి ఉంటే తూటాదే దోషం. గుంట చిన్నదిగా ఉంటే ప్రైమరును పొడిచే ఫైరింగ్ పిన్ దారిలో నూనె గట్టిపడి ఉండవచ్చు.

తూటాలు పాడవడానికి మన ఇళ్లలో ఒక ప్రత్యేక కారణం ఉంది. తుప్పు వదిలించే స్ప్రేను నిండిన మ్యాగజైన్‌తో సహా చల్లేస్తారు. ఆ పల్చటి నూనె ప్రైమరు అంచుల నుంచి లోపలికి దిగి మందును చంపేస్తుంది. ఖాళీ పిస్టల్‌కే నూనె పెట్టండి, తూటాలను పొడిగా ఉంచండి.

శబ్దం ఎప్పటికంటే బలహీనంగా వినిపిస్తే వెంటనే ఆపండి. గుండు బ్యారెల్‌లోనే చిక్కుకుని ఉండవచ్చు. దాని వెనకే ఇంకొకటి పేల్చితే బ్యారెల్ పగులుతుంది, చేయి పోతుంది. ఖాళీ చేసి, విప్పి, బ్యారెల్‌కు అవతల వెలుగు కనిపిస్తుందో లేదో చూసేవరకు మళ్లీ పేల్చకండి.

తూటాలు కొనేటప్పుడు ఒక మాట. .32 రివాల్వరు తూటా 7.65x23, పిస్టల్‌ది 7.65x17. రెండింటి పేరులో .32 ఉంది కదా అని ఒకదానికి ఒకటి తీసుకోకండి.

తుప్పు మళ్లీ మళ్లీ వస్తోంది, పాలిష్ వేయించాలా?

కళింగపట్నం, భావనపాడు, బారువ, భోగాపురం. సముద్రం పక్కన ఉన్నవారికి ఇది తప్పదు. ఉప్పుగాలి ఒక వైపు, ఏప్రిల్, మే నెలల చెమట ఇంకో వైపు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. అలాంటి రోజుల తరువాత ఇంట్లో తేమ వారాల తరబడి వదలదు, బీరువాలోని ఇనుము మొత్తం ఎర్రబడుతుంది.

అసలు కారణం చాలాసార్లు హోల్‌స్టరే. తోలు తేమను పీల్చుకుంటుంది. పిస్టల్‌ను రాత్రంతా అందులోనే వదిలేస్తే నడుముకు తగిలిన వైపు, మీ వేళ్ల ముద్రలు పడిన చోట సన్నని ఎర్ర చుక్కలు వస్తాయి. ఇంటికి రాగానే బయటికి తీసి, ఖాళీ చేసి, నూనె తడి ఉన్న పాత బనియను గుడ్డతో తుడిచి, లాకరులో పెట్టండి. ప్లాస్టిక్ కవరులో చుట్టకండి, అది తేమను లోపలే బంధిస్తుంది. పక్కన సిలికా జెల్ సంచి ఉంచి, అప్పుడప్పుడు దాన్ని వేడి చేసి ఆరబెడుతుండండి.

కొబ్బరి నూనె పెట్టేవారు ఇంకా ఉన్నారు. దయచేసి మానండి. దాదాపు 24 డిగ్రీల దగ్గరే అది గడ్డ కడుతుంది. డిసెంబరు తెల్లవారుజామున విజయనగరంలో మీ ఫైరింగ్ పిన్ ఆ గడ్డలోనే కదలాలి. తుపాకీ నూనె దొరకకపోతే కుట్టుమిషను నూనె నయం, పల్చగా ఒక చుక్క చాలు.

కొత్తగా బ్లూయింగ్ (ఇనుముకు తుప్పు ఆపే నల్లటి పూత) చేయించాలంటే లైసెన్సున్న డీలరు ద్వారానే చేయించండి. బఫ్ పట్టేటప్పుడు సీరియల్ నంబరు అరిగిపోతే మీ పిస్టల్ చట్టం దృష్టిలో గుర్తు చెరిపిన ఆయుధం అవుతుంది. నంబరు చుట్టూ టేపు అంటించమని చెప్పండి, పని ముందూ తరువాతా ఫోటో తీసి పెట్టుకోండి.

గుండ్లు ఎడమ వైపు, కిందికి పడుతున్నాయి

కుడిచేతి వాటం ఉన్నవారికి ఇలా పడుతుంటే, సైట్లు (గురి చూసుకునే గుర్తులు) వంకరగా ఉన్నాయని అనుకునే ముందు ట్రిగ్గర్ నొక్కే తీరు చూసుకోండి. పేలబోతోందని ముందే బిగుసుకుని, మొత్తం పిడికిలితో లాగితే గొట్టం ఎడమకు, కిందికి వంగుతుంది. ఖాళీ పిస్టల్ ముందు సైటు మీద ఒక రూపాయి బిళ్ల నిలిపి, అది పడకుండా ట్రిగ్గర్ నొక్కడం సాధన చేయండి. ఇసుక సంచి మీద ఆనించి పేల్చినప్పుడు కూడా అదే చోటికి వెళ్తుంటే అప్పుడు సైటు గురించి ఆలోచించాలి. ఆకురాయితో మాత్రం గీయకండి, తీసేసిన ఇనుము తిరిగి రాదు.

సంధ్యవేళ సైటు కనబడకపోతే లేజరుకు పరుగెత్తనక్కరలేదు. ముందు సైటును స్పిరిట్‌తో తుడిచి, అగ్గిపుల్ల చివరతో తెల్ల గోళ్లరంగు ఒక్క చుక్క పెట్టండి. ఆరాక ఇంకో పూత. చిన్న .32 పిస్టళ్లకు లేజరు బిగించే పట్టా ఉండదు. క్లిప్పుతో బిగించినవి నాలుగు సార్లు పేల్చేసరికి జరిగిపోతాయి. పైగా అవి ఉన్నచో మీ హోల్‌స్టరులో పిస్టల్ పట్టదు.

పిడి జారుతోంది

చెమట పట్టే చేతికి చెక్క పిడి పలకల కంటే గరుకు రబ్బరు పలకలు నయం. సైకిల్ ట్యూబు ముక్క తొడిగే పద్ధతి పాతదే, పని కూడా చేస్తుంది. కానీ పిడి వెనక సేఫ్టీ మీట ఉన్న పిస్టళ్లలో అది మీట మీదికి రాకూడదు. వచ్చిందంటే మీట ఎప్పుడూ నొక్కుకునే ఉంటుంది, సేఫ్టీ లేనట్టే.

ట్రిగ్గర్ గట్టిగా ఉంది

దీన్ని తేలిక చేయించకండి. లోపల సుత్తిని ఆపి ఉంచే సియర్ అనే భాగం పట్టుకునే అంచు చాలా చిన్నది. దాన్ని కాస్త రుద్దినా, స్లైడు వేగంగా మూసుకున్నప్పుడు సుత్తి నిలవకుండా పడిపోవచ్చు. పాత నమూనా పిస్టళ్లు చాలావాటిలో ఫైరింగ్ పిన్‌ను అడ్డుకునే ఏర్పాటు కూడా ఉండదు. నడుముకు ఉన్న పిస్టల్‌కు గట్టి ట్రిగ్గరే రక్షణ. బిగుసుకుని గరగరలాడుతుంటే మాత్రం శుభ్రం చేసి నూనె పెట్టించండి, సాధన చేయండి.

హోల్‌స్టర్ గురించి

డబ్బు పెట్టాల్సిన అసలు చోటు ఇది. మెత్తటి తోలు, గుడ్డ హోల్‌స్టర్లు పిస్టల్ తీయగానే ముడుచుకుంటాయి. తిరిగి పెట్టేటప్పుడు ఆ మడత ట్రిగ్గర్ దగ్గరికి దూరి నొక్కుతుంది. కొనే ముందు డీలరు దగ్గరే ఖాళీ పిస్టల్‌తో చూడండి. ట్రిగ్గర్ గార్డు మొత్తం కప్పాలి. పిస్టల్ తీశాక మూతి తెరుచుకునే ఉండాలి. తలకిందులుగా కుదిపినా పిస్టల్ జారకూడదు. మోటారు సైకిల్ మీద కూర్చుని కూడా చూడండి, ముందుకు వంగినప్పుడు పిడి కడుపులో గుచ్చుకుంటే దారిలో పదిసార్లు సర్దుకుంటారు, ప్రమాదం అక్కడే. మామూలు బెల్టు బరువుకు వాలిపోతుంది, మందపాటి గట్టి బెల్టు తీసుకోండి.

2016 ఆయుధాల నియమాల ప్రకారం బహిరంగ ప్రదేశంలో పిస్టల్ హోల్‌స్టరు లాంటిదానిలో, పూర్తిగా కప్పి ఉండాలి. జాతరలో, ఊరేగింపులో పిస్టల్ బయటికి తీసి చూపినా, పేల్చినా నేరమే. పైడితల్లి సిరిమానోత్సవానికో, అరసవల్లి రథసప్తమికో వెళ్లేటప్పుడు పిస్టల్‌ను ఇంట్లో లాకరులో ఉంచి వెళ్లండి.

ఎన్నికల తరువాత స్టేషను నుంచి తెచ్చాక సరిగా నడవడం లేదు

ఎన్నికల ముందు పోలీసులు ఆయుధాలు డిపాజిట్ చేయమంటారు. 2024లో మార్చి నుంచి జూన్ దాకా చాలా పిస్టళ్లు స్టేషన్లలోనే ఉన్నాయి. వేసవి అంతా కదలక నూనె ఎండి జిగురవుతుంది. తిరిగి తెచ్చుకునేటప్పుడు రశీదులోని సీరియల్ నంబరును పిస్టల్ మీది నంబరుతో పోల్చి చూసి సంతకం చేయండి. ఇంటికి వచ్చాక విప్పి పాత నూనె మొత్తం తుడిచి, కొత్త నూనె పెట్టి, ఖాళీగానే స్లైడు పలుమార్లు లాగి, సేఫ్టీ పని చేస్తోందో లేదో చూడండి. రేంజ్‌కు వెళ్లి పేల్చి చూశాకే మళ్లీ నడుముకు పెట్టుకోండి. వచ్చేసారి డిపాజిట్ చేసే ముందు పైన పల్చగా నూనె రాసి, తోలు హోల్‌స్టర్ లేకుండా, గుడ్డ సంచిలో ఇవ్వండి.