గుడ్ ఫ్రైడే రెండో మాట మీ వంతుకొస్తే

మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా జరిగే సిలువ ధ్యానంలో, సిలువ మీద యేసు పలికిన ఏడు మాటల్ని ఏడుగురికి పంచుతారు. రెండోది, పక్క సిలువ మీది నేరస్థుడితో యేసు అన్న ‘నేడు నీవు నాతోకూడ పరదైసులో ఉందువు’ (లూకా 23:43). అది వచ్చినవాళ్లు సాధారణంగా ఊపిరి పీల్చుకుంటారు, దొంగ కథ అందరికీ తెలిసిందే కదా అని. చిక్కంతా అక్కడే ఉంది. అందరికీ తెలిసిన ఆ కథలో చాలా భాగం లూకా రాసింది కాదు. బొమ్మల నుంచి, పాత ప్రసంగాల నుంచి వచ్చి చేరింది. ముందు దాన్ని వడకట్టాలి.

39 నుంచి 43 వరకు చదివి ఆపేయకండి. లూకా 23లో 32వ వచనం దగ్గర మొదలుపెట్టి, ‘రక్షించుకొనుము’ అనే ఎత్తిపొడుపు వచ్చిన ప్రతిచోటా పెన్సిలుతో గీత గీయండి. 35లో అధికారులు, 37లో సైనికులు, 39లో మొదటి నేరస్థుడు. ముగ్గురిదీ ఒకటే సవాలు: నువ్వు అంతటివాడివైతే నిన్ను నువ్వు కాపాడుకో. ఆ వరసలో చదివితేనే రెండోవాడి మాట ఎంత ఎదురీతో తెలుస్తుంది.

‘నీ రాజ్యములోనికి వచ్చునప్పుడు నన్ను జ్ఞాపకము చేసికొనుము’ అన్న ఆ రెండోవాడికి రాజ్యం సంగతి ఎలా తెలిసిందని యువకులెవరో ఒకరు తప్పక అడుగుతారు. లూకా చెప్పలేదు. ఆ భాగంలో కనబడేవి రెండే: చంపేవాళ్లను క్షమించమని యేసు చేసిన ప్రార్థన (34), తల మీద ‘యూదుల రాజు’ అన్న పైవిలాసం, అంటే పైన రాసిపెట్టిన మాట (38). అంతవరకు చెప్పి ఆగండి. పూర్వం ఏదో కొండ దగ్గర నిలబడి యేసు బోధ విన్నాడని కల్పించకండి.

తర్వాత మత్తయి 27:44, మార్కు 15:32 తెరవండి. అక్కడ ఇద్దరు బందిపోట్లూ నిందించారని ఉంది. దీనికి తొలి శతాబ్దాల సంఘ బోధకులు ఇచ్చిన పాత జవాబులు రెండున్నాయి. మొదట ఇద్దరూ తిట్టారు, తర్వాత ఒకడు మారాడని క్రిసోస్తోమ్ అన్నాడు. బహువచనం వాడినా ఉద్దేశం ఒకడేనని అగస్టీన్ అన్నాడు. మొదటిదే సహజంగా అనిపిస్తుంది, కానీ ప్రసంగం మొత్తం దాని మీద కట్టకండి. ఆరాధన అయ్యాక ఎవరైనా అడిగితే చెప్పడానికి సిద్ధంగా ఉంచుకోండి.

సగం సమయం 40, 41, 42 వచనాలకే ఇవ్వండి. ఇక్కడ వరస ముఖ్యం. ముందు తోటివాణ్ణి గద్దించి దేవుని భయం గుర్తుచేశాడు. తర్వాత ‘మనకైతే యిది న్యాయమే’ అన్నాడు. పేదరికం మీదకో, స్నేహితుల మీదకో, రోమా ప్రభుత్వం మీదకో నెట్టలేదు. ఆపైన ‘ఈయన ఏ తప్పిదమును చేయలేదు’ అన్నాడు. చివరికి గానీ తన కోసం అడగలేదు. అడిగింది కూడా జ్ఞాపకం చేసుకోమని మాత్రమే. సిలువ మీంచి దించమనలేదు. దించమన్నది మొదటివాడు. ఆ తేడా నిదానంగా చూపించగలిగితే పశ్చాత్తాపం గురించి వేరే నిర్వచనాలు అక్కర్లేదు. ఇంకోటి: తెలుగు బైబిల్లో అతను ‘యేసూ’ అని పేరు పెట్టి పిలిచాడు. అలవాటు కొద్దీ చాలామంది ‘ప్రభువా’ అనేస్తారు. ఉన్నది ఉన్నట్టు చదవండి.

43వ వచనంలోని ‘నేడు’ దగ్గరికి వచ్చేసరికి యోహాను 19:31–33 పక్కన పెట్టుకోండి. సిలువ వేసినవాళ్లు కొందరు రోజుల తరబడి బతికేవాళ్లు. మర్నాడు విశ్రాంతిదినం, శవాలు సిలువ మీద ఉండకూడదు. అందుకని సైనికులు ఆ ఇద్దరి కాళ్లు విరగ్గొట్టారు. యేసు అప్పటికే చనిపోయాడు. అంటే ఈ నేరస్థుడు చీకటి కమ్మడం చూశాడు, యేసు ప్రాణం విడవడం కూడా పక్కనుంచే చూశాడు, మాట ఇచ్చినవాడు ముందే పోయాక కాళ్ల మీద దెబ్బల కోసం మిగిలాడు. ‘నేడు’ అతనికి అలా వచ్చింది. ఇద్దరూ చేయీచేయీ పట్టుకుని ఒకేసారి వెళ్లినట్టు చెప్పే ప్రసంగాలు ఈ వరసను తలకిందులు చేస్తాయి. ‘పరదైసు’ మీద పాఠం వద్దు. 2 కొరింథీ 12:4లో, ప్రకటన 2:7లో కూడా ఆ మాట ఉందంటే చాలు.

ఆ ఇద్దరు నేరస్థులకు చెప్పే దిస్మాస్ (మారినవాడు), గెస్తాస్ అన్న పేర్లు నికోదేము సువార్త అనే అపోక్రిఫ గ్రంథం, అంటే బైబిల్లో చేరని పుస్తకం నుంచి వచ్చాయి. అరబీ బాల్య సువార్తలో పేర్లే వేరు, తీతు, దుమాకు. మారినవాడు కుడివైపు ఉన్నాడన్నదీ సంప్రదాయమే. ఎవరు ఏ పక్కో లూకా చెప్పలేదు. కతోలిక గుడిలో మాట్లాడుతుంటే పునీత దిస్మాస్ పేరు, మార్చి 25న అతని స్మరణ ప్రస్తావించవచ్చు, సంప్రదాయమని చెప్పి మరీ. మిగతా చోట్ల వదిలేయండి. బాప్తిస్మం లేకుండా ఎలా రక్షణ పొందాడన్న వాదం కూడా ఆ రోజు ఎత్తకండి. అది మొదలైతే మీ సమయమంతా అదే తినేస్తుంది. ‘చివరి నిమిషంలో మారినా చాలు’ అని ముగించడం అన్నిటికన్నా పెద్ద పొరపాటు. అతనికి దొరికిన ఆ కొద్దిసేపట్లో వాయిదా ఏమీ లేదు.

ఇక గడియారం. 180 నిమిషాలు ఏడు భాగాలైతే ఒక్కొక్కరికి సుమారు 25. పాట, ప్రార్థన, వాక్యపఠనం పోగా చేతికి మిగిలేది 12 నుంచి 15. నింపాదిగా తెలుగు మాట్లాడితే నిమిషానికి 90–100 మాటలు పడతాయి కాబట్టి 1,100 మాటలు దాటి రాయకండి. ఫోన్లో టైమర్ పెట్టి గట్టిగా చదివి చూసుకోండి. మొదటి మాట చెప్పేవాళ్లు తరచూ ఎక్కువ సమయం తీసుకుంటారు. అందుకే ఎనిమిది నిమిషాల్లో ముగించేలా, ఏ పేరాలు వదలాలో మార్జిన్లో ముందే గుర్తు పెట్టుకోండి. వదలాల్సి వస్తే మత్తయి, మార్కుల సంగతి, పరదైసు సంగతి వదలండి. 41వ వచనం మాత్రం వదలకండి. ‘ఇదిగో నీ తల్లి’ జోలికి పోవద్దు. అది మూడో మాట, మీ తర్వాత లేచేవారిది.