హెంప్ గింజల నూనెతో లోషన్: విరగకుండా, బూజు పట్టకుండా ఇంట్లో చేసుకోవడం ఎలా?

"హెంప్ లోషన్ చేశానండీ, మూడో రోజుకే నీళ్ళు కిందికి, నూనె పైకి వచ్చేసింది. ఏం తప్పు చేశాను?" అని అడిగేవాళ్ళు నాకు నెలకొకరైనా తగులుతారు. నీళ్ళు ఎంత వేడి చేశారని అడిగితే "గోరువెచ్చగా" అంటారు. నూనె ఎంత తీసుకున్నారంటే "అరకప్పు". ఏ మైనం వేశారంటే "తేనెమైనం". ఆ మూడు జవాబులు విన్నాక నాలుగో ప్రశ్న అడిగే ఓపిక ఉండదు. అందుకే ఒకేసారి రాసి పెడుతున్నాను.

ముందు పేరు గొడవ తేల్చుకుందాం. నిఘంటువులో హెంప్ అని వెతికితే జనుము, జనపనార అని కనిపిస్తాయి. రెండూ కాదు. జనుము పచ్చిరొట్టగా వేసే వేరే మొక్క. జనపనార అంటే గోనెసంచుల నార. హెంప్ అచ్చంగా గంజాయి జాతి మొక్కే. మత్తునిచ్చే టీహెచ్‌సీ చాలా తక్కువగా ఉండేలా పెంచిన రకాలకు ఆ పేరు. మనం వాడేది దాని గింజల నూనె. గింజ లోపల టీహెచ్‌సీ ఉండదు, పైతొక్కకు అంటుకున్న బంక వల్ల లేశమాత్రం చేరితే చేరొచ్చు. కాబట్టి ఈ లోషన్‌తో మత్తు రాదు. సీబీడీ (గంజాయి మొక్కలోనే ఉండే, నొప్పులకు మంచిదని చెప్పుకునే మరో పదార్థం) కూడా ఇందులో లేనట్టే, కనుక మోకాళ్ళ నొప్పులు తగ్గుతాయని ఆశ పెట్టుకోకండి. ఇది పొడి చర్మానికి రాసుకునే లోషన్, అంతే. ఈ నూనెలో సగానికి పైగా ఉండేది లినోలిక్ ఆమ్లం. చర్మం తన తేమను తాను కాపాడుకోవడానికి పనికొచ్చే కొవ్వు అదే. పైగా జిడ్డు తక్కువ, తొందరగా ఇంకిపోతుంది.

గంజాయి పూత నానబెట్టిన నూనెతో చేయొచ్చా అంటే, చాలా దేశాల్లో అది నేరం, ఆ జోలికి పోకండి. చట్టం ఒప్పుకునే చోట ఉన్నవాళ్ళు లైసెన్స్ ఉన్న దుకాణంలో కొన్న నూనెను కింద చెప్పిన బాదం నూనె బదులు అంతే తూకంలో వాడుకోవచ్చు. మిగతా పద్ధతిలో ఏమీ మారదు.

కావలసినవి

200 గ్రాముల లోషన్‌కు:

డిస్టిల్డ్ వాటర్ 140 గ్రాములు
గ్లిజరిన్ 6 గ్రాములు
హెంప్ గింజల నూనె 24 గ్రాములు
బాదం నూనె 14 గ్రాములు (బాదం పడనివాళ్ళు పొద్దుతిరుగుడు నూనె)
ఎమల్సిఫైయింగ్ వాక్స్ (నూనెనూ నీళ్ళనూ కలిపి ఉంచే మైనం) 12 గ్రాములు
విటమిన్ ఇ నూనె 2 గ్రాములు
ఫినాక్సీఇథనాల్ రకం ప్రిజర్వేటివ్ (బూజు, క్రిములు పెరగకుండా ఆపేది) 2 గ్రాములు

వేడిని తట్టుకునే గ్లాసు పాత్రలు రెండు, థర్మామీటర్, హ్యాండ్ బ్లెండర్, రబ్బరు గరిటె, పంప్ బాటిల్ కావాలి. 0.1 గ్రాము వరకు చూపించే తూకం యంత్రం తప్పనిసరి. వంటింటి తూకంలో 2 గ్రాములని చూపించేది ఒకటిన్నర కావచ్చు, రెండున్నర కావచ్చు. పిండి విషయంలో ఆ తేడా ఎవరికీ తెలియదు, ప్రిజర్వేటివ్ విషయంలో మాత్రం కొంప ముంచుతుంది. కప్పులు, చెంచాల కొలతలతో లోషన్ చేయకూడదు. నీళ్ళు కూడా తూచాల్సిందే.

నూనె కొనేటప్పుడు కోల్డ్ ప్రెస్ చేసినది, ముదురు రంగు సీసాలో ఉన్నది తీసుకోండి. మూత తీస్తే కోసిన గడ్డి వాసన, వెనకే కాస్త గింజల కమ్మదనం రావాలి. పాత పెయింట్ డబ్బా వాసన వస్తే ఆ నూనె అయిపోయినట్టే. తెరిచిన సీసా ఫ్రిజ్‌లోనే ఉండాలి.

ఇక తేనెమైనం సంగతి. తేనెమైనం నూనెను గట్టిపరుస్తుంది కానీ నూనెనూ నీళ్ళనూ కలిపి ఉంచలేదు. 2వ శతాబ్దంలో గ్రీకు వైద్యుడు గాలెన్ తేనెమైనం, ఆలివ్ నూనె, గులాబీ నీటితో క్రీమ్ చేయించాడని చెబుతారు. ఆ కలయికలో నీళ్ళు పట్టు లేకుండా ఉండి, చర్మం మీద రాయగానే ఆవిరైపోతూ చల్లగా తగిలేవి. కోల్డ్ క్రీమ్ అనే పేరు అందుకే వచ్చింది. "సహజంగా" చేయాలని తేనెమైనమే కావాలనుకుంటే నీళ్ళు మానేసి బామ్ చేసుకోండి. నూనె, మైనం కరిగించి డబ్బాలో పోస్తే పని అయిపోతుంది, ప్రిజర్వేటివ్ కూడా అక్కర్లేదు. నాకు మాత్రం ఒంటికి బామ్ రాసుకుంటే దుప్పటికంతా అంటుకుంటుంది, అందుకే ఈ శ్రమంతా.

శుభ్రం చేసి, తూచి పెట్టుకోవడం

పాత్రలు, గరిటె, బ్లెండర్ మూతి, బాటిల్, దాని పంపు గొట్టం అన్నీ సబ్బుతో కడిగి, 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ చల్లి ఆరనివ్వండి. తడి గుడ్డతో తుడవకండి. ఒక పాత్రలో నీళ్ళు, గ్లిజరిన్. రెండో పాత్రలో రెండు నూనెలు, వాక్స్. విటమిన్ ఇ, ప్రిజర్వేటివ్ వేరుగా చిన్న గిన్నెల్లో పక్కన. ఇంతే.

వేడి చేయడం

వెడల్పు గిన్నెలో నీళ్ళు మరగబెట్టి, అందులో గ్లాసు పాత్రను దించి వేడి చేయాలి. నేరుగా మంట మీద పెట్టొద్దు. ముందు నీళ్ళ పాత్ర. 75 డిగ్రీలకు వచ్చాక 20 నిమిషాలు అక్కడే నిలపండి. పెట్టేముందు ఒకసారి, తీశాక ఒకసారి తూచి, ఆవిరైపోయినంత వేడి డిస్టిల్డ్ వాటర్ తిరిగి పోయండి. ఈ ఒక్క పని ఎవరూ చేయరు, తర్వాత "మీరు చెప్పిన కొలతకు గట్టిగా వచ్చింది" అని నన్నంటారు.

నూనెల పాత్రను ఆ 20 నిమిషాల్లో చివరి ఏడెనిమిది నిమిషాలే దించాలి. హెంప్ నూనె సుకుమారమైనది, ఎక్కువసేపు కాగితే పాడవుతుంది. అలాగని కొందరు దాన్ని చల్లగానే చివర్లో కలుపుతారు. నా దృష్టిలో అది తప్పు. అప్పుడే కుదురుకుంటున్న లోషన్‌లో 24 గ్రాముల చల్లటి నూనె పోస్తే అది సరిగా కలవదు. వాక్స్ కరిగేంతసేపు 70 డిగ్రీల్లో ఉన్నంత మాత్రాన కొంపలేమీ మునగవు.

కలపడం: అందరూ చెడగొట్టేది ఇక్కడే

ఇప్పుడు రెండు పాత్రలూ పక్కపక్కన పెట్టుకోండి. ఫోన్ సైలెంట్‌లో పెట్టండి. వెటకారం కాదు, ఈ ఐదు నిమిషాలు మధ్యలో వదిలి వెళ్ళడానికి లేదు.

థర్మామీటర్ నూనెలో పెట్టి చూడండి, తుడిచి నీళ్ళలో పెట్టి చూడండి. రెండూ 70, 75 డిగ్రీల మధ్య ఉండాలి, వాటి మధ్య తేడా 5 డిగ్రీలు దాటకూడదు. చేత్తో పాత్ర ముట్టుకుని "బాగానే వేడిగా ఉంది" అనుకోవడం కుదరదు. 55 డిగ్రీలు కూడా చేతికి కాలుతుంది, 75 కూడా కాలుతుంది.

ఎందుకింత పట్టుదల అంటే, ఎమల్సిఫైయింగ్ వాక్స్ పని నూనె బిందువుల చుట్టూ పొరలా పట్టుకోవడం. అణువుకు ఒక వైపు నూనె ఇష్టం, రెండో వైపు నీళ్ళు ఇష్టం. ఆ వాక్స్ పూర్తిగా కరిగి ద్రవంగా ఉన్నప్పుడే ప్రతి బిందువు చుట్టూ చేరగలదు. 75 డిగ్రీల నూనెను 40 డిగ్రీల నీళ్ళలో పోశారనుకోండి, వాక్స్ నీళ్ళు తగిలిన చోటే గడ్డకట్టి చిన్న చిన్న రవ్వలవుతుంది. కాసేపు తిప్పితే పైకి బాగానే కలిసినట్టు కనిపిస్తుంది. మోసమంతా అక్కడే. ఆ రవ్వల మధ్య పట్టు లేని నూనె బిందువులు ఒకదానితో ఒకటి కలిసి పెద్దవవుతూ, రెండు రోజుల్లో పైకి తేలతాయి. కలిపినప్పుడు జరిగిన తప్పు మూడో రోజు బయటపడుతుంది. అందుకే చాలామందికి తప్పెక్కడ జరిగిందో అర్థం కాదు, పాపం నూనె మీద నింద వేస్తారు.

నూనెను నీళ్ళలోకి పోయాలి, నీళ్ళను నూనెలోకి కాదు. రెండో పద్ధతి కూడా మంచిదేనని వాదించేవాళ్ళున్నారు, వాళ్ళతో నాకు పేచీ లేదు. కానీ మొదటిసారి చేసేవాళ్ళు నేను చెప్పినట్టే చేయండి. సన్నని ధారగా, మొత్తం ఒకే విడతలో పోయండి. పాత్ర గోడలకు అంటిన వాక్స్‌ను గరిటెతో గీకి వేయండి. దాన్ని వదిలేస్తే 12 గ్రాములు 10 అవుతాయి.

వెంటనే బ్లెండర్. పాత్ర పొడుగ్గా, ఇరుకుగా ఉండాలి, బ్లెండర్ మూతి పూర్తిగా మునగాలి. ఆన్ చేశాక పైకి ఎత్తారా, గాలి లోపలికి పోయి నురగ లేస్తుంది, ఆ బుడగలు బాటిల్‌లో కూడా పోవు. 20 సెకన్లు తిప్పండి, ఆపండి, ఆపిన బ్లెండర్‌తోనే మెల్లగా కలియబెట్టండి, మళ్ళీ 20 సెకన్లు. ఇలా మూడు నాలుగు నిమిషాలు. ఆపకుండా తిప్పితే గాలీ చేరుతుంది, బ్లెండరూ వేడెక్కుతుంది.

మొదటి విడతలోనే రంగు చూడండి. ఆకుపచ్చ నూనె కళ్ళముందే మాయమై అంతా పాలలా అవుతుంది, అంచుల్లో మాత్రం లేత ఆకుపచ్చ ఛాయ. ఆ ఛాయ నూనెలోని పత్రహరితానిది, ఉండాల్సిందే. మంచులా తెల్లగా రాలేదని బాధపడకండి, అలా వచ్చేది శుద్ధి చేసిన నూనెతోనే. మీరు చూడాల్సింది గరిటె వెనక భాగం. లోషన్‌లో ముంచి తీస్తే పొర నున్నగా, ఒకే రంగులో జారాలి. పొరలో మెరిసే నూనె చుక్కలు కనిపించినా, విరిగిన పాలలా పలుకులు తేలినా కలయిక కుదరలేదన్నమాట. ఈ దశలో దాన్ని కాపాడొచ్చు: మొత్తాన్ని మళ్ళీ 70 డిగ్రీలకు వేడి చేసి ఇంకోసారి బ్లెండ్ చేయండి. ప్రిజర్వేటివ్ వేశాక, లేదా రెండు రోజుల తర్వాత విడిపోతే ఇక ఆ బ్యాచ్ పారేయడమే.

ఇంకో హెచ్చరిక. ఇప్పుడు లోషన్ పాలంత పల్చగా ఉంటుంది. అలాగే ఉండాలి. మొదట్లో నేను ఇది చూసి టెన్షన్ పడి, ఇంకో 8 గ్రాముల వాక్స్ కరిగించి పోశాను. తెల్లారేసరికి గరిటె నిలబడేంత గట్టిగా అయ్యింది, రాసుకుంటే చేతి మీద సున్నం వేసినట్టు తెల్లటి చారలు. వాక్స్‌లోని కొవ్వు ఆల్కహాల్స్ (మైనంలా గట్టిపడే పదార్థాలు) చల్లారుతూ నెమ్మదిగా చిక్కబడతాయి, అసలు చిక్కదనం తెలియడానికి 24 గంటలు పడుతుంది. ఏమీ వేయకండి.

చల్లార్చేటప్పుడు ఫ్రిజ్‌లో గానీ ఐసు నీళ్ళలో గానీ పెట్టొద్దు. ఒక్కసారిగా చల్లారితే పైన చెప్పిన రవ్వల కథే మళ్ళీ. బ్లెండర్ పక్కన పెట్టి, గరిటెతో నిమిషానికోసారి అడుగు నుంచి మెల్లగా తిప్పుతూ 40 డిగ్రీలకు రానివ్వండి. పావుగంట నుంచి అరగంట పడుతుంది.

ప్రిజర్వేటివ్

40 డిగ్రీల దగ్గర విటమిన్ ఇ, ప్రిజర్వేటివ్ వేసి రెండు నిమిషాలు బాగా కలపండి. ప్రిజర్వేటివ్ మొత్తం బరువులో 1 శాతం. "ఎక్కువ వేస్తే ఎక్కువ రోజులుంటుంది" అనుకోవద్దు, యూరప్ నిబంధనల్లో ఫినాక్సీఇథనాల్‌కు గరిష్ఠ పరిమితి 1 శాతమే. మీరు కొన్న సీసా మీద ఇంకా తక్కువ రాసి ఉంటే దాన్నే పాటించండి.

ఇది మానేసే ఆలోచన ఉంటే ఇంతవరకు చేసిందంతా దండగ. విటమిన్ ఇ వేసేది నూనె ముక్కిపోకుండా ఆపడానికి, అది క్రిములను ఆపదు. మనం 20 నిమిషాలు వేడి చేసినా కొన్ని క్రిముల బీజాలు చావవు. ఒకసారి దగ్గరి బంధువుకు "కెమికల్స్ లేకుండా చేశాను" అని గొప్పగా ఒక డబ్బా ఇచ్చాను. పది రోజులకు ఆవిడ ఫోన్ చేసి "మూత లోపల నల్లటి చుక్కలేంటమ్మా?" అన్నారు. బూజు కంటికి కనబడింది కాబట్టి సరిపోయింది. బ్యాక్టీరియా అయితే కనబడకుండానే పెరుగుతుంది.

సువాసన నూనెలు వేయాలా అని అడుగుతారు. నేను వేయను. వేసి తీరాలంటే 200 గ్రాములకు 1 గ్రాము దాటకండి.

బాటిల్‌లో నింపడం, పరీక్ష

పూర్తిగా చల్లారాకే నింపండి, లేకపోతే ఆవిరి మూతకు పట్టి నీటి చుక్కలై పడుతుంది. వెడల్పు మూతి డబ్బా వద్దు, రోజూ వేళ్ళు పెడతారు. ఒక్క చెంచా లోషన్ మాత్రం చిన్న గాజు గ్లాసులో పోసి మూతపెట్టి ఉంచండి. మర్నాడు దాన్ని వెలుతురుకు ఎత్తి అడుగు చూడండి. వెంట్రుకంత సన్నని నీటి గీత కనిపించినా ఆ బ్యాచ్ నిలవదు.

గ్లాసు బాగుంటే మోచేతి మడత లోపల కొంచెం రాసి 24 గంటలు చూడండి. ఎర్రబడకపోతే, దురద రాకపోతే వాడుకోవచ్చు. బాటిల్ మీద చేసిన తేదీ రాయండి. మూడు నెలల లోపు ముగించండి. ప్రిజర్వేటివ్ బాగానే పనిచేస్తున్నా, హెంప్ నూనె అంతకన్నా ఎక్కువకాలం తాజాగా ఉండదు. ఈలోపే పంపు నొక్కగానే ఆ పెయింట్ డబ్బా వాసన వచ్చిందంటే, ఇంకా సగం మిగిలి ఉన్నా సరే పారేయండి.