డయాలసిస్‌కి సొంత బండి లేకపోతే: ముందు తిరుగు ప్రయాణం చూసుకోండి

మా అమ్మని నాలుగేళ్లు డయాలసిస్‌కి తిప్పాను. వారానికి 3 సార్లు, ఒక్కోసారి మెషీన్ మీద దాదాపు 4 గంటలు. ఏడాదికి 156 సార్లు వెళ్లాలి, 156 సార్లు రావాలి. మాకు బండి లేదు. మొదట్లో నా టెన్షనంతా వేళకి చేరడం గురించే. అసలు కష్టం ఇంటికి రావడంలో ఉందని తెలిసేసరికి నెలలు గడిచాయి.

వెళ్లే టైమ్ మన చేతిలో ఉంటుంది, వచ్చే టైమ్ ఉండదు. సూదులు తీశాక రక్తం ఆగాలి. ఒక్కోసారి పది నిమిషాల్లో ఆగుతుంది, ఒక్కోసారి అరగంటైనా దూది తడుస్తూనే ఉంటుంది. బీపీ పడిపోతే లేవగానే కళ్లు తిరుగుతాయి. ఒకరోజు ఆఖరి బస్సు పోతుందని అమ్మని తొందరపెట్టి లేపాను. మెట్ల దగ్గర నా భుజం పట్టుకుని అక్కడే కూలబడిపోయింది. చేతి కట్టు చూస్తుండగానే ఎర్రబడింది.

అందుకే, డయాలసిస్ ముగిశాక గంటన్నర ఆలస్యమైనా బస్సు దొరికే షిఫ్ట్ అడగండి. డాక్టర్‌ని కాదు, షిఫ్టులు వేసే నర్సునో టెక్నీషియన్‌నో అడగండి. "మాకు బండి లేదు, ఆఖరి బస్సు ఇన్నింటికి" అని సూటిగా చెప్పండి. మొహమాటానికి "ఎప్పుడైనా ఫర్వాలేదు" అన్నందుకు మేం ఆర్నెల్లు సాయంత్రం షిఫ్టులో ఉండిపోయాం. నోరు తెరిచి అడిగాక రెండు వారాల్లో ఉదయానికి మార్చారు.

పక్క మంచాలవాళ్లతో మాట కలపండి. వాళ్లూ అవే రోజుల్లో, అదే వేళకి వస్తారు. మీ దారిలో ఇల్లున్నవాళ్లు దొరికితే ఇద్దరూ కలిసి ఒక డ్రైవర్‌తో నెలకింత అని మాట్లాడుకోండి. ఆలస్యమైతే ఎంతసేపు ఆగాలో మొదటిరోజే తేల్చుకోండి. గొడవలొచ్చేది అక్కడే. ఆసుపత్రిలో సోషల్ వర్కర్ ఉంటే రవాణా సాయం గురించి అడగండి.

రక్తపరీక్షకి విడిగా రమ్మంటే, డయాలసిస్ మొదలయ్యే ముందు అదే సూది నుంచి తీయడం కుదురుతుందేమో అడగండి. డాక్టర్‌ని కలవడం, మందులు తెచ్చుకోవడం కూడా ఆ రోజే పెట్టుకుంటే ఒక ప్రయాణం తప్పుతుంది. బస్సులో ఫిస్టులా (డయాలసిస్ సూదులు గుచ్చడానికి ఆపరేషన్ చేసి కలిపిన రక్తనాళం) ఉన్న చేత్తో సంచి మోయనివ్వకండి. ఎక్కించేటప్పుడు రెండో చెయ్యి పట్టుకోండి.

ఎంత చూసుకున్నా ఒకరోజు తప్పిపోవచ్చు. వెంటనే సెంటర్‌కి ఫోన్ చేసి మర్నాటికి చోటు అడగండి. ఈలోగా నీళ్లు, ఉప్పు, పొటాషియం ఎక్కువుండే పదార్థాల విషయంలో ఇంకా గట్టిగా ఉండాలి. ఆయాసం వచ్చినా, గుండె దడ పుట్టినా, ఒళ్లు పట్టు తప్పినా బస్సు కోసం చూడొద్దు, అంబులెన్స్ పిలవండి.

ఇల్లు మరీ దూరమైతే, పొట్టలోకి ద్రవం పంపి ఇంట్లోనే చేసుకునే పెరిటోనియల్ డయాలసిస్ మీవాళ్లకి పనికొస్తుందేమో డాక్టర్‌ని అడగండి. రోజూ చేయాలి, చాలా శుభ్రంగా చేయాలి, అందరికీ కుదరదు. కుదిరితే మాత్రం వారానికి మూడు ప్రయాణాలు పోయి, మామూలుగా నెలకోసారి చూపించుకుంటే సరిపోతుంది. మొదటి నెలలోనే అడగండి. మేం అడిగేసరికి మూడేళ్లు దాటాయి.