పాత కారుకు వింటేజ్ రిజిస్ట్రేషన్ ఎలా చేయించాలి?

అనంతపురంలో వాన తక్కువ, కాబట్టి బండికి తుప్పూ తక్కువే. తాతల నాటి అంబాసిడర్లు, ఫియట్లు, జీపులు ఇప్పటికీ ఇక్కడి షెడ్లలో దుమ్ము కప్పుకుని పదిలంగా ఉన్నాయి. వింటేజ్ నంబర్ చేయిద్దామనుకున్నవాళ్లు ముందుగా చేసే పని బండిని రంగుకు తోలడం. ఎన్నిసార్లు చెప్పినా ఇదే జరుగుతోంది. రంగు ఆఖరి పని. కాగితాలు, నంబర్లు తేలేదాకా బండి మీద చెయ్యి వేయించకండి.

ముందు మీ బండికి అర్హత ఉందో లేదో చూసుకోండి. 2021 జూలైలో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం, మొదటి రిజిస్ట్రేషన్ తేదీ నుంచి 50 ఏళ్లు దాటిన సొంత వాడకపు బళ్లే వింటేజ్ కిందికి వస్తాయి. టూవీలర్లకూ ఇదే వర్తిస్తుంది. చాసిస్, బాడీ, ఇంజిన్ అసలువే ఉండాలి. మన సీమలో చాలా బళ్లు ఈ ఇంజిన్ దగ్గరే ఆగిపోతాయి. పెట్రోలు ఖర్చుకు తట్టుకోలేక అంబాసిడర్‌కు డీజిల్ ఇంజిన్ వేయించినవాళ్లు ఎందరో. 1970 నాటి అంబాసిడర్ కంపెనీ నుంచి వచ్చింది 1489 సీసీ పెట్రోలు ఇంజిన్‌తో. బానెట్ కింద డీజిల్ ఇంజిన్ ఉంటే ఆ బండికి ఈ దారి లేనట్టే. ఫీజు కట్టి డబ్బు పోగొట్టుకోకండి.

కాగితాలు పెద్ద పని కాదు. ఫారం 20 (రిజిస్ట్రేషన్ దరఖాస్తు), ఇన్సూరెన్స్, పాత ఆర్సీ, విదేశాల నుంచి దిగిన బండైతే బిల్ ఆఫ్ ఎంట్రీ (కస్టమ్స్ దిగుమతి కాగితం). ఆర్సీ చనిపోయిన పెద్దవాళ్ల పేరున ఉంటే ఫారం 31తో ముందు మీ పేరుకు మార్పించుకోండి. ఆర్సీయే పోయిందంటే ఫారం 26తో డూప్లికేట్ తీసుకోండి. దరఖాస్తు ఆన్‌లైన్‌లో, కేంద్ర రవాణా శాఖ పరివాహన్ పోర్టల్‌లోనే. కొత్తగా రిజిస్టర్ చేస్తే 20,000 రూపాయలు, వింటేజ్ రిజిస్ట్రేషన్‌ను మళ్లీ చేయిస్తే (రీ-రిజిస్ట్రేషన్) 5,000. ఏజెంట్‌కు అప్పజెప్పొద్దు. మీ బండి నంబర్ మీకు పట్టినంతగా అతనికి పట్టదు.

ఇప్పుడు అసలు కష్టమైన పని: చాసిస్ మీద చెక్కిన నంబర్ చదవడం, దాని మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది అచ్చు (పెన్సిల్ ప్రింట్) తీయడం. బళ్లు పాడయ్యేది ఇక్కడే.

యాభై ఏళ్ల గ్రీజు, మట్టి ఆ నంబర్ మీద పెచ్చులా గట్టిపడి ఉంటుంది. షెడ్డులో కుర్రాడికి చెబితే గ్రైండర్ పట్టుకొస్తాడు. ఆపండి. వైర్ బ్రష్ వద్దు, ఎమెరీ పేపర్ కూడా వద్దు. అంకె అంచు ఒక్కసారి అరిగిందంటే 8 కాస్తా 3లా కనబడుతుంది. అరిగిన నంబర్ చూడగానే బ్రేక్ ఇన్‌స్పెక్టర్‌కు వచ్చే అనుమానం ఒకటే, ఇది దొంగబండి అని. ఆ అనుమానం పోగొట్టడానికి మీరు పడే టెన్షన్ ముందు మిగతా పనంతా తేలిక.

కిరోసిన్‌లో తడిపిన గుడ్డను నంబర్ మీద వేసి రాత్రంతా వదిలేయండి. పొద్దున పాత టూత్‌బ్రష్‌తో మెల్లగా రుద్దండి. పెచ్చు రాకపోతే మళ్లీ కిరోసినే, బలం కాదు. ఆరాక పల్చటి తెల్ల కాగితాన్ని నాలుగు వైపులా టేపుతో బిగించి, మెత్తటి పెన్సిల్‌ను పడుకోబెట్టి ఒకే వైపుకు రుద్దండి. ముందుకూ వెనక్కూ రుద్దితే కాగితం కదిలి అంకెలు రెండుగా పడతాయి. టార్చ్‌ను నేరుగా కాకుండా పక్క నుంచి కొట్టి ఫోటో తీయండి, గాట్లు నీడతో స్పష్టంగా తేలతాయి.

ఆ ప్రింట్‌ను పాత ఆర్సీ పక్కన పెట్టి ఒక్కో అక్షరం సరిచూడండి. పాత ఆర్సీలు చేతిరాతవి, 1కీ 7కీ తేడా తెలియదు, సున్నాను ఓ అనుకుని ఎక్కించినవీ ఉంటాయి. తేడా ఉంటే ముందు ఆర్టీఓ ఆఫీసులో రాతపూర్వకంగా సరిచేయించుకోండి. ఆ తర్వాతే ఇన్సూరెన్స్. పాలసీ ముందే తీసుకుంటే తప్పు నంబర్ అందులోకీ ఎక్కుతుంది, రెండు చోట్ల దిద్దించుకోవాలి. నంబర్ నిజంగానే చెరిగిపోయి ఉంటే సొంతంగా పంచ్ కొట్టించకండి. అది నేరం కిందికి వస్తుంది.

ఇంతా సరిగ్గా ఉంటే మిగతాది సాఫీగా సాగుతుంది. రవాణా శాఖ వేసిన కమిటీ బండిని చూస్తుంది, 60 రోజుల్లోపు ఫారం 23ఏలో ఆర్సీ ఇవ్వాలి, పదేళ్లు చెల్లుతుంది. కొత్తగా రిజిస్టర్ చేస్తే ‘ఏపీ వీఏ’తో మొదలయ్యే నంబర్ వస్తుంది. ఇదివరకే రిజిస్టరైన బండికి పాత నంబరే ఉంచుకోవచ్చు. ఉంచుకోండి. మూడక్షరాలతో మొదలయ్యే ఆ పాత నంబర్ బండితో పాటు పుట్టింది, దాన్ని వదులుకోవడం తప్పు.

వింటేజ్ ఆర్సీ వచ్చాక రోజూ ఆఫీసుకు తోలుకెళ్లడం కుదరదు. ర్యాలీలకు, ప్రదర్శనలకు, బంకుకు, మరమ్మతుకు మాత్రమే రోడ్డెక్కాలి. అమ్మదలిస్తే రవాణా శాఖకు మీరూ కొన్నవాళ్లూ ఇద్దరూ తెలియజేయాలి.