వానలకు ముందు నీలగిరి పచ్చికబయళ్లకు వెళ్తున్నారా?

వేసవిలో ఊటీ వెళ్తూ, పనిలో పనిగా నీలగిరి క్లౌడెడ్ యెల్లోను కూడా చూసి వద్దామనుకునేవాళ్ల కోసం ఈ నాలుగు మాటలు. నల్లంచు పసుపు రెక్కల సీతాకోకచిలుక ఇది. నీలగిరి, పళని, ఆనైమలై కొండల మీది ఎత్తైన పచ్చికబయళ్లే దీని ఇల్లు.

తెల్లవారుజామునే పరిగెత్తకండి, కనబడదు. ఒళ్లు వేడెక్కితే గానీ అది ఎగరలేదు. రెక్కలు మూసుకుని గడ్డిమీద వాలి, పక్కకు ఒరిగి, రెక్కల అడుగుభాగాన్ని ఎండకు పెడుతుంది. అప్పుడే ఫొటోకు మంచి అదను. అయితే మీ నీడ దానిమీద పడనివ్వొద్దు. వేడెక్కాక గడ్డిని రాసుకుంటున్నట్టు కిందుగా, చాలా వేగంగా పోతుంది. వెంటపడితే మీకు కాలు మడత పడటమే మిగులుతుంది. పూలున్న చోట కదలకుండా కూర్చోండి, అదే వస్తుంది.

దారి వదలొద్దని ఊరికే అనరు. దీని గొంగళిపురుగులు మేసేది పరోచెటస్ లాంటి నేలబారు చిక్కుడు జాతి మొక్కలను. నీలి పూలు లేకపోతే అవి కంటికి ఆనవు, నేరుగా బూటు కిందే పడతాయి.

అసలు భయం మధ్యాహ్నం తర్వాత. ఏప్రిల్, మే నెలల్లో అప్పటిదాకా కాసిన ఎండ పోయి ఉరుములు మొదలవుతాయి. మబ్బు కమ్మగానే సీతాకోకలు గడ్డిలోకి దిగి మాయమవుతాయి. ఫొటో దొరకలేదని ఉసూరుమనకుండా మీరూ కిందికి దిగిపోండి. ఆ బయలులో అందరికంటే ఎత్తుగా నిలబడి ఉండేది మీరే! మెరుపుకూ ఉరుముకూ మధ్య ముప్పై అంకెలు లెక్కపెట్టేలోపే చప్పుడు వినబడితే పిడుగు దగ్గర్లోనే ఉన్నట్టు. ఒంటరి చెట్టు కిందికి పోకండి, కారులో కూర్చుని అద్దాలు ఎత్తేయండి. చివరి ఉరుము తర్వాత అరగంట ఆగాలి. తడిస్తే మే నెలలోనూ వణుకు పుడుతుంది, పొడి స్వెటర్ ఒకటి ప్లాస్టిక్ సంచిలో చుట్టి ఉంచుకోండి.

కొండ మడతల్లో పచ్చికబయళ్ల మధ్య పొట్టి చెట్లతో దట్టంగా ఉండే షోలా అడవి అంచున జలగలు ఉంటాయి, సాక్సుల్లోకి ప్యాంటు దోపుకోండి. అడవిదున్న ఎదురైతే సెల్ఫీ ఆలోచన మానేసి, దానికి దారిచ్చి మెల్లగా వెనక్కి రండి.

మద్రాసు హైకోర్టు ఆదేశంతో 2024 మే 7 నుంచి ఊటీ వచ్చే బయటి వాహనాలకు ఈ-పాస్ పెట్టారు, బయల్దేరే ముందే తీసుకోండి. రిజర్వు అడవిలోకి అటవీశాఖ అనుమతి వేరుగా కావాలి. వల ఇంట్లోనే వదిలేయండి.

ఘాట్ రోడ్డు ఏ గేరులో ఎక్కారో అదే గేరులో దిగండి. బ్రేకు మీదే కాలుంచి దిగితే అది కాలిపోయి, సరిగ్గా మలుపు దగ్గరే పట్టదు.